మోడల్ విమాన ఇంజిన్లు: రూపకల్పనలోని రాజీలు

మోడల్ విమానాలకు అమర్చే పిస్టన్ ఇంజిన్లలో అత్యధికం 0.16 సీసీ నుంచి 10 సీసీ లోపు ఘనపరిమాణం గలవి. వీటిలో ఎక్కువ భాగం ఒకే సిలిండర్‌తో, టూ స్ట్రోక్ పద్ధతిలో, గాలికే చల్లబడుతూ పనిచేస్తాయి. ఆయిల్ పంపు ఉండదు, రేడియేటర్ ఉండదు, చాలావాటిలో స్పార్క్ ప్లగ్ కూడా ఉండదు. చాలా ఇంజిన్లలో ప్రధానంగా కదిలేవి మూడే: పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్‌షాఫ్ట్. చూడటానికి సులువుగా కనిపించే ఈ నిర్మాణమే రూపకర్తకు కష్టం తెచ్చిపెడుతుంది. పిస్టన్ శక్తిని అందించడంతో పాటు పోర్టులను తెరిచి మూసే వాల్వు పనీ చేస్తుంది. క్రాంక్‌షాఫ్ట్ ప్రొపెల్లర్‌ను తిప్పుతూనే ఇంధన మిశ్రమానికి గొట్టంగా మారుతుంది. క్రాంక్‌కేస్ గాలిని నొక్కే పంపు అవుతుంది. ఒక్కో భాగం మీద ఇన్ని బాధ్యతలున్నప్పుడు, ఒకదానికి మేలు చేసే మార్పు ఇంకోదానికి నష్టం చేస్తుంది. అన్నింటా గొప్పదైన మోడల్ ఇంజిన్ అంటూ ఏదీ లేదు. ఏ పనికి తయారైందో ఆ పనికి తగిన నష్టాలను ఎంచుకున్న ఇంజినే మంచిది.

పరిమాణం తగ్గితే ఏమవుతుంది

పెద్ద ఇంజిన్ కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే చిన్న ఇంజిన్ రాదు. పొడవు, వెడల్పు, ఎత్తు సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, లోపలి ఉపరితలం మాత్రం నాలుగో వంతు దగ్గర ఆగుతుంది. అంటే మండే వాయువులో ప్రతి ఘన మిల్లీమీటరుకూ చుట్టూ రెట్టింపు గోడ ఉంటుంది. మంటలో పుట్టిన వేడిలో పెద్ద వాటా పిస్టన్‌ను నెట్టకుండానే ఆ గోడల్లోకి పోతుంది.

లీకేజీ ఇంతకంటే కఠినమైన సమస్య. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఖాళీని ఇంజిన్‌తో పాటు తగ్గించలేం. మరకు, మనిషికి సాధ్యమైన కనీస ఖాళీ పెద్ద ఇంజిన్‌లోనైనా చిన్నదానిలోనైనా దాదాపు ఒకటే. ఖాళీ అంతే ఉండి బోరు, స్ట్రోకు సగమైతే, ఘనపరిమాణంతో పోల్చినప్పుడు వాయువు తప్పించుకునే దారి నాలుగు రెట్లవుతుంది. రాపిడికి పోయే శక్తి వాటా కూడా పెరుగుతుంది.

ఈ నష్టాలకు అందుబాటులో ఉన్న ప్రధాన మందు వేగం. వాయువు జారిపోవడానికీ, వేడి గోడలకు చేరడానికీ వ్యవధి ఇవ్వకుండా పిస్టన్‌ను త్వరగా ఆడించాలి. భాగాలు చిన్నవి కాబట్టి అది సాధ్యమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా అనాలో లెరాయ్ కాక్స్ సంస్థ 1960ల తొలినాళ్లలో తెచ్చిన టీ డీ .010 ఇంజిన్ బోరు సుమారు 6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 5.7 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 0.16 సీసీ. భారీ సంఖ్యలో తయారైన ఇంజిన్లలో ఇంత చిన్నవి అరుదు. ఇది నిమిషానికి 27,000 చుట్లు తిరిగినా పిస్టన్ సగటు వేగం సెకనుకు 5 మీటర్ల పైచిలుకే. కారు ఇంజిన్ పిస్టన్లు మామూలుగా ఇంతకంటే వేగంగా కదులుతాయి. నిమిషానికి చుట్ల సంఖ్య చూసి భయపడనక్కర్లేదు. అయితే ఇదే ఇంజిన్ మెల్లగా తిరిగినప్పుడు లీకేజీ, వేడి నష్టం రెండూ తిరగబడతాయి. చిన్న ఇంజిన్లు స్టార్ట్ కావడానికి మొండికేసేది అందుకే. కాక్స్ తన చిన్న ఇంజిన్లకు స్ప్రింగ్ స్టార్టర్ అమర్చింది కూడా ఈ కారణం వల్లే: వేలితో తిప్పితే వచ్చే వేగం వాటికి తరచూ చాలదు.

మంట పుట్టించే మూడు దారులు

1930ల తొలినాళ్లలో ఫిలడెల్ఫియాకు చెందిన విలియం బ్రౌన్ రూపొందించిన 10 సీసీ తరగతి ఇంజిన్ స్పార్క్‌తో నడిచేది. అది తరువాత బ్రౌన్ జూనియర్ పేరుతో మార్కెట్‌కు వచ్చి అమెరికాలో పెట్రోల్ మోడళ్ల యుగానికి తెర తీసింది. స్పార్క్ పద్ధతిలో మంట ఎప్పుడు పుట్టాలో కచ్చితంగా నిర్ణయించవచ్చు. ఇంజిన్‌ను నెమ్మదిగానూ వేగంగానూ నడపవచ్చు. కానీ కాయిల్, కండెన్సర్, బ్యాటరీ అన్నీ విమానం మోయాలి. 10 సీసీ ఇంజిన్‌కు అది భరించదగ్గ బరువే. 1 సీసీ ఇంజిన్‌కు మాత్రం సరంజామా బరువు ఇంజిన్ బరువును మించిపోతుంది.

యూరప్ దీనికి వేరే పరిష్కారం వెతికింది. 1940ల మొదట్లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన 2 సీసీ డైనో, 1946లో బ్రిటన్‌లో వచ్చిన మిల్స్ 1.3 వంటివి కేవలం సంపీడనంతోనే ఇంధనాన్ని మండిస్తాయి. వీటిని డీజిల్ అని పిలవడం అలవాటైంది, కానీ అసలు డీజిల్ ఇంజిన్‌లా ఇంధనాన్ని చివరి క్షణంలో చిమ్మే పంపు వీటికి లేదు. ఇంధనం గాలితో కలిసే లోపలికి వస్తుంది. చేత్తో తిప్పే వేగంలోనే మంట అంటుకోవాలంటే తక్కువ ఉష్ణోగ్రతకే మండే పదార్థం కావాలి. అందుకే ఇంధనంలో ఈథర్ ఉంటుంది. అది దాదాపు 160–180 డిగ్రీల సెల్సియస్‌కే తనంతట తాను అంటుకుంటుంది. మిగతాది కిరోసిన్, నూనె. సిలిండర్ పైభాగంలో మరో చిన్న పిస్టన్‌ను స్క్రూతో పైకీ కిందికీ జరిపి సంపీడనాన్ని సర్దుకోవచ్చు. బ్యాటరీ బాధ లేదు, తక్కువ వేగంలోనే పెద్ద ప్రొపెల్లర్‌ను తిప్పగల టార్క్ ఉంది, ఇంధనం పొదుపు. ప్రతిగా పీడనాన్ని తట్టుకోవడానికి రాడ్, షాఫ్ట్, కేస్ అన్నీ దళసరిగా చేయాలి, వేగం పరిమితమవుతుంది, సంపీడనం, ఇంధన ప్రవాహాన్ని సర్దే నీడిల్ వాల్వు రెండూ ఒకేసారి సరిగా కుదరాలి. ఈథర్ మరిగే ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపే. తెలుగు ప్రాంతాల వేసవి మధ్యాహ్నం ఆ గీతను సులువుగా దాటుతుంది కాబట్టి మూత సరిగా లేని డబ్బాలోంచి ఈథర్ ముందుగా ఆవిరైపోయి, మిగిలిన ఇంధనం స్టార్ట్ కాని ద్రవంగా మారుతుంది.

మూడో దారి గ్లో ప్లగ్. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ దీన్ని మార్కెట్‌కు తెచ్చాడు. చిన్న ప్లాటినం మిశ్రలోహపు తీగచుట్టను 1.5 వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాల్చి, ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. ఆ తరువాత మంటల వేడి, ప్లాటినం తగిలినప్పుడు మిథనాల్‌లో జరిగే ఉత్ప్రేరక చర్య రెండూ కలిసి తీగను వెలుగుతూనే ఉంచుతాయి. బరువు విషయంలో ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు. దీనికి చెల్లించే మూల్యం నియంత్రణ. మంట ఎప్పుడు అంటుకోవాలో చెప్పే పరికరం ఏదీ ఇందులో లేదు. సంపీడన నిష్పత్తి, తీగ వేడి, ఇంధనంలో నైట్రోమీథేన్ (నైట్రో) శాతం, మిశ్రమం చిక్కదనం, ప్రొపెల్లర్ భారం కలిసి ఆ క్షణాన్ని నిర్ణయిస్తాయి. ఒకటి మార్చితే మిగతావాటిని మళ్లీ సర్దాలి. నైట్రో పెంచినప్పుడు హెడ్ కింద పలుచని వాషర్ ఒకటి ఎక్కువ వేసి సంపీడనం తగ్గించడం అందులో భాగమే.

ఇంధనం, ఆముదం

గ్లో ఇంజిన్ల ప్రధాన ఇంధనమైన మిథనాల్‌లో కిలోకు సుమారు 20 మెగాజూళ్ల శక్తి ఉంటే పెట్రోల్‌లో 44 ఉంటుంది. సగం కూడా లేని ఇంధనాన్ని ఎందుకు ఎంచుకున్నారంటే, ఇంజిన్ సామర్థ్యాన్ని నిర్ణయించేది అది పీల్చగల గాలి. పెట్రోల్ ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 పాళ్లు చాలు. గాలి కిలోకు లెక్కిస్తే రెండింటి శక్తీ దాదాపు సమానం. పైగా మిథనాల్ ఆవిరయ్యేటప్పుడు పీల్చుకునే వేడి చాలా ఎక్కువ. అదే గాలికి పెట్రోల్ పీల్చే దానికి దాదాపు ఏడు రెట్లు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలు తప్ప మరో చల్లదనం లేని ఇంజిన్‌కు ఇది పెద్ద అండ. నష్టం ట్యాంకులో కనిపిస్తుంది: అదే సేపు ఎగరడానికి రెట్టింపుకు మించిన ఇంధనం మోయాలి. నైట్రోమీథేన్ మరో అడుగు ముందుకు వేస్తుంది. దాని ఒక పాలుకు 1.7 పాళ్ల గాలి చాలు కాబట్టి గాలి కిలోకు పెట్రోల్ కంటే రెట్టింపు శక్తి ఇస్తుంది. అయితే అది ఖరీదైనది, దాని అవశేషాలు ఉక్కు బేరింగులకు తుప్పు తెస్తాయి.

ఇంజిన్‌లో విడిగా ఆయిల్ ఉండదు. ఇంధనంలో కలిసి వచ్చి, పని చేసి, పొగతో బయటికి పోతుంది. మండని ఆ నూనె ఇంధనంలో దాదాపు ఐదో వంతు. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ స్పీడ్ పోటీల్లో దశాబ్దాల పాటు ప్రామాణిక ఇంధనం 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదం. మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ ఇంజిన్లకు కూడా ఆముదమే నూనె. ఆముదం ఉత్పత్తిలో భారతదేశానిదే ప్రపంచంలో మొదటి స్థానం. గుజరాత్ అగ్రభాగాన ఉన్నా, మహబూబ్‌నగర్, నల్గొండ మెట్ట పొలాలకు కూడా ఇది పాత పంటే. ఇంజిన్ హద్దు మీరి వేడెక్కినా ఆముదపు పొర తెగదు. చిక్కబడి భాగాలను కాపాడుతుంది. ఆ గుణమే కాలక్రమంలో పిస్టన్ మీద, సిలిండర్ గోడల మీద గోధుమరంగు వార్నిష్‌లా పేరుకుని రాపిడి పెంచుతుంది. సింథటిక్ నూనెలు శుభ్రంగా ఉంచుతాయి, కానీ మిశ్రమం పలచబడి ఇంజిన్ ఒక్కసారిగా కాగినప్పుడు ముందుగా చేతులెత్తేస్తాయి. ఎక్కువ మంది రెండూ కలిపి వాడేది అందుకే.

పిస్టన్, సిలిండర్ జత

మోడల్ ఇంజిన్ రూపకల్పనలో అతి సున్నితమైన రాజీ ఇక్కడే జరుగుతుంది. సీల్ బాగుండాలంటే ఖాళీ తక్కువుండాలి. ఖాళీ తక్కువైతే రాపిడి పెరుగుతుంది, వేడికి వ్యాకోచించి పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంది. అదీ కాక పిస్టన్, సిలిండర్ ఒకే వేడిలో ఉండవు. మంట తగిలే పిస్టన్ ఎక్కువ కాగుతుంది.

మొదటి తరం పరిష్కారం ఇనప పిస్టన్, ఉక్కు సిలిండర్. రెండూ దాదాపు సమానంగా వ్యాకోచిస్తాయి. రింగులు లేకుండా ఒకదానిలో ఒకటి నూరి సరిపుచ్చవచ్చు. కాక్స్ 1956 నాటి 0.8 సీసీ బేబ్ బీ ఈ పద్ధతిదే: ఉక్కు కడ్డీలోంచి రెక్కలతో సహా సిలిండర్‌ను చెక్కి, విడి లైనర్ అవసరమే లేకుండా చేశారు. పిస్టన్‌తో రాడ్ కలిసే చోట పిన్ను బదులు బంతి కీలు పెట్టారు. చవకలో ఇంత నిక్కచ్చితనం సాధించడం ఆ సంస్థ ఘనత. ఇనప పిస్టన్ లోపం బరువు. పరిమాణం పెరిగే కొద్దీ ఆ బరువు కంపనంగా మారి, చుట్ల వేగానికి హద్దు గీస్తుంది.

అల్యూమినియం పిస్టన్ తేలిక, కానీ మామూలు అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉంచి, ఆ వదులును పిస్టన్ రింగుతో పూడ్చారు. రింగు అరిగితే మార్చుకోవచ్చు. కానీ రింగు రాపిడి తెస్తుంది; పోర్టు మరీ వెడల్పైతే దాని అంచుకు తట్టుకుని విరుగుతుంది. అందువల్ల పోర్టు మధ్యలో నిలువు పట్టీ వదలాలి, లేదా పోర్టునే ఇరుకు చేయాలి. రెండింటిలోనూ గాలి దారి తగ్గుతుంది.

ఈ చిక్కును విప్పిన పద్ధతిని ఏబీసీ అంటారు: అధిక సిలికాన్ ఉన్న అల్యూమినియం పిస్టన్, ఇత్తడి లైనర్, దాని లోపల క్రోమ్ పూత. అమెరికా స్పీడ్ పోటీదారు బిల్ విస్నీవ్‌స్కీ 1960లలో దీన్ని ముందుకు తెచ్చిన వారిలో ప్రముఖుడు. సిలికాన్ కలిసినప్పుడు అల్యూమినియం వ్యాకోచం తగ్గి ఇత్తడికి దగ్గరవుతుంది. పైభాగం ఎక్కువ కాగి ఎక్కువ వ్యాకోచిస్తుందని ముందే లెక్కగట్టి, లైనర్‌ను పైకి వెళ్లే కొద్దీ సన్నబడేలా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై చివర గట్టిగా పట్టుకుంటుంది; కాగాక బోరు సమంగా మారి పిస్టన్ స్వేచ్ఛగా ఆడుతుంది. తేలికదనం, సీల్, వేగం మూడూ దక్కాయి. ఇందుకు బదులుగా ఇంజిన్ దాని అసలు వేడిలో ఉన్నప్పుడే బాగుంటుంది. కొత్త ఏబీసీ ఇంజిన్‌ను పాత అలవాటు ప్రకారం బాగా చిక్కని మిశ్రమంతో చల్లగా, మెల్లగా నడిపితే, విప్పారని పైభాగానికి పిస్టన్ రుద్దుకుని సీల్ చెడిపోతుంది. లైనర్ చెడితే రింగులా మార్చుకునే వీలు లేదు. పిస్టన్, లైనర్ జతగా కొనాల్సిందే.

గాలి దారులు

టూ స్ట్రోక్‌లో కాలిన పొగను కొత్త మిశ్రమమే బయటికి తోస్తుంది. కొత్తది నేరుగా ఎగ్జాస్ట్‌లోకి జారిపోకుండా పాత ఇంజిన్లలో పిస్టన్ నెత్తిమీద అడ్డుగోడ ఉండేది. అది బరువు, వేడి పెంచుతుంది, మండే గది ఆకారాన్ని వంకర చేస్తుంది. జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లే 1920లలో రూపొందించిన పద్ధతిలో రెండు పక్కల పోర్టులు మిశ్రమాన్ని ఎగ్జాస్ట్‌కు ఎదురు గోడవైపు చిమ్ముతాయి. అది పైకి లేచి చుట్టి వస్తుంది. పిస్టన్ తల చదునుగా ఉండవచ్చు. 1970లలో మోడల్ ఇంజిన్లలో ఇది సాధారణమైంది. తయారీ కష్టం, ఖర్చు పెరిగాయి. శక్తి పెరగడం కూడా అందరికీ మేలు కాలేదు. తీగలు పట్టుకుని వృత్తంలో విన్యాసాలు చేయించే కంట్రోల్ లైన్ ఎగురవేతకు 1940ల చివర వచ్చిన ఫాక్స్ 35 అడ్డుగోడ పిస్టన్ ఇంజినే. సమతలంగా ఎగిరేటప్పుడు చిక్కని మిశ్రమంతో చుట్టు విడిచి చుట్టు మండుతూ, ముక్కు పైకెత్తగానే ప్రతి చుట్టూ మండే దాని నెమ్మదైన మార్పు దశాబ్దాల పాటు ఆ క్రీడకు ప్రాణంగా నిలిచింది. భారతదేశంలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్ల ఏరోమోడలింగ్‌లోనూ కంట్రోల్ లైన్‌కు చోటుంది.

మిశ్రమం క్రాంక్‌కేస్‌లోకి చేరే దారి మరో తగవు. ముందువైపు షాఫ్ట్‌కే రంధ్రం చేసి, లోపల డొల్లగా ఉంచితే అదనపు భాగం అక్కర్లేదు. రంధ్రం పెద్దదైతే ఊపిరి బాగా ఆడుతుంది, షాఫ్ట్ బలహీనపడుతుంది. షాఫ్ట్ లావు పెంచితే బరువు, రాపిడి పెరుగుతాయి. వెనక తిరిగే డిస్క్ లేదా డ్రమ్ పెడితే దారి తిన్నగా ఉంటుంది, కానీ కార్బురేటర్ ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ గోడకు దగ్గరై అమర్చడం కష్టమవుతుంది. బేబ్ బీలోని పలుచని రీడ్ వాల్వు అన్నిటికంటే చవక. పీడనానికి తనే తెరుచుకుంటుంది. దానికి దిక్కు తెలియదు కాబట్టి ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది, అధిక వేగంలో రీడ్ వెనకబడుతుంది. అదే సంస్థ వేగం కావాల్సిన టీ డీకి ముందు షాఫ్ట్ పద్ధతిని ఎంచుకోవడం గమనించదగ్గది.

కొన్ని ఇంజిన్లలో పిస్టన్ పై చివరకు చేరినప్పుడు దాని కింది అంచు ఎగ్జాస్ట్ పోర్టును కొంచెం తెరిచి అదనపు గాలిని లోపలికి పీలుస్తుంది. సైలెన్సర్ లేని రోజుల్లో అది ఉచితంగా వచ్చిన లాభం. సైలెన్సర్ బిగించగానే పీల్చేది పొగ అవుతుంది.

కార్బురేటర్‌లో ఫ్లోట్ గిన్నె ఉండదు. తలకిందులయ్యే విమానంలో అది పనికిరాదు. గాలి లోపలికి వచ్చే గొట్టం, అంటే వెంచురీ, ఇరుకుగా ఉంటే గాలి వేగం పెరిగి ఇంధనాన్ని బలంగా లాగుతుంది, ట్యాంకులో మట్టం మారినా మిశ్రమం నిలకడగా ఉంటుంది. శక్తి కోసం వెంచురీ పెంచితే ఆ లాగుడు పోతుంది. అప్పుడు సైలెన్సర్ నుంచో క్రాంక్‌కేస్ నుంచో గొట్టం వేసి ట్యాంకుకు పీడనం ఇవ్వాల్సి వస్తుంది.

కంపనం, బేరింగులు

ఒకే సిలిండర్ ఇంజిన్‌ను పూర్తిగా బ్యాలెన్స్ చేయలేం. క్రాంక్‌కు ఎదురు బరువు పెంచితే పైకీ కిందికీ వచ్చే అదురు తగ్గి, అది పక్కలకు మళ్లుతుంది. అందుకే పిస్టన్, రాడ్‌ల కదిలే బరువులో కొంత భాగానికే బదులు వేసి ఆపుతారు.

షాఫ్ట్‌కు కంచు బుష్ చవక, తేలిక, క్రాంక్‌కేస్ పీడనాన్ని బాగా పట్టి ఉంచుతుంది. బాల్ బేరింగులు రాపిడి తగ్గిస్తాయి, ఎక్కువ వేగాన్ని భరిస్తాయి, కానీ మిథనాల్ తేమను పీల్చుకునే ద్రవం కాబట్టి ఎగురవేత తరువాత ఇంజిన్‌లో మిగిలిన ఇంధనం వాటిని తుప్పు పట్టిస్తుంది. నేర్చుకునేవారి ఇంజిన్‌కు బుష్ తక్కువ స్థాయి ఎంపిక అనుకోవడం సరికాదు.

ప్రొపెల్లర్, శబ్దం

చిన్న ఇంజిన్ శక్తి అధిక వేగంలో ఉంటుంది. ప్రొపెల్లర్ సామర్థ్యం పెద్ద వ్యాసం, తక్కువ వేగంలో ఉంటుంది. గేర్లు బరువు, ఖర్చు కాబట్టి సాధారణంగా రెండూ ఒకే షాఫ్ట్ మీద సర్దుకోవాలి. 7.5 సీసీ ఇంజిన్‌కు ప్రకటనలో 16,000 చుట్ల దగ్గర 1.6 హార్స్‌పవర్ అని రాసినా, నేర్చుకునే విమానానికి తగిన 11 అంగుళాల ప్రొపెల్లర్‌తో అది అంత వేగం అందుకోదు. అసలు వాడుకునే శక్తి అందులో ఒక భాగమే. పోర్టులు ఎక్కువ సేపు తెరిచి ఉంచితే పై అంకె పెరుగుతుంది, కింది వేగాల్లో టార్క్ తగ్గుతుంది. కొనేవారికి ఉపయోగపడేది ఆ రెండోది.

1960ల తరువాత మైదానాల చుట్టూ ఇళ్లు పెరిగి సైలెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. మామూలు సైలెన్సర్ శక్తిలో కొంత తినేస్తుంది. ట్యూన్డ్ పైప్ దీనికి విరుద్ధం: దాని సన్నబడే చివర నుంచి వెనక్కి తిరిగిన పీడన తరంగం, ఎగ్జాస్ట్‌లోకి జారిన కొత్త మిశ్రమాన్ని పోర్టు మూసుకునే ముందు మళ్లీ లోపలికి నెడుతుంది. ఆ తరంగం సమయానికి చేరేది ఒక ఇరుకైన వేగశ్రేణిలో మాత్రమే. దాని కిందికి పడితే ఇంజిన్ నీరసిస్తుంది. 2.5 సీసీ ఎఫ్2ఏ స్పీడ్ విమానాలు ఈ పద్ధతితోనే గంటకు 300 కిలోమీటర్ల స్థాయి అందుకున్నాయి. టీమ్ రేసింగ్ తరగతి ఎఫ్2సీలోనూ ఘనపరిమాణం 2.5 సీసీయే, కానీ అక్కడ ట్యాంకు 7 సీసీలు, పరుగు 100 చుట్లు, అంటే 10 కిలోమీటర్లు. ఇంధనం నింపడానికి దిగిన ప్రతిసారీ సమయం పోతుంది కాబట్టి వేగంతో పాటు పొదుపు కావాలి. అందుకే అక్కడ డీజిల్ రాజ్యం చేసింది. ఒకే పరిమాణానికి రెండు నిబంధనలు, రెండు వేర్వేరు యంత్రాలు.

ఫోర్ స్ట్రోక్, రోటరీ

1976లో జపాన్ సంస్థ ఓఎస్ ఎఫ్‌ఎస్-60 పేరుతో 10 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌ను మార్కెట్‌లో నిలబెట్టింది. రెండు చుట్లకు ఒకసారే మండుతుంది కాబట్టి అదే పరిమాణంలో శక్తి తక్కువ. వాల్వులు, కామ్‌షాఫ్ట్ వల్ల బరువు, ధర ఎక్కువ. అయినా మృదువైన శబ్దం, ఇంధనం పొదుపు, పెద్ద ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పే గుణం దానికి చోటిచ్చాయి. విన్యాస పోటీల నిబంధనలు ఒక దశలో టూ స్ట్రోక్‌కు 10 సీసీ, ఫోర్ స్ట్రోక్‌కు 20 సీసీ అనుమతించడంతో ఆ లోటు చాలావరకు తీరింది. జపాన్‌కే చెందిన వైఎస్ సంస్థ క్రాంక్‌కేస్‌ను పంపుగా వాడి, ఫోర్ స్ట్రోక్‌లోకి గాలిని ఒత్తిడితో పంపింది. ఓఎస్, జర్మనీ సంస్థ గ్రౌప్నర్ కలిసి 1970 ప్రాంతంలో తెచ్చిన 5 సీసీ వాంకెల్ ఇంజిన్ దాదాపు అదురే లేకుండా తిరిగింది. కానీ పొడవైన మండే గది గోడలకు వేడి పోగొట్టుకుంటూ, రోటార్ కొసల సీళ్ల దగ్గర వాయువు వదులుకుంటూ ఇంధనం ఎక్కువ తాగింది.

నేడు చిన్న విమానాల్లో బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు పిస్టన్ ఇంజిన్ల స్థానం తీసుకున్నాయి. బ్యాటరీలో కిలోకు నిల్వ ఉండే శక్తి మెగాజూలు కూడా లేదు, మిథనాల్‌లో అది 20. అయినా మోటారు చిన్నదైనా వేడికీ లీకేజీకీ అంతగా నష్టపోదు. 1 సీసీ ఇంజిన్ తన ఇంధనంలో అత్యధిక భాగాన్ని వృథా చేస్తుంది. అందుకే ఇంజిన్లు ముందుగా వెనకడుగు వేసింది అతి చిన్న పరిమాణాల్లో. 20 సీసీ దాటిన పెద్ద మోడళ్లలో, ఎలక్ట్రానిక్ స్పార్క్ బరువు లెక్కలోకి రానంత తగ్గాక, పెట్రోల్ ఇంజిన్లు నిలదొక్కుకున్నాయి.